దాచిన అప్పు

అప్పు మాట వచ్చేసరికి మన ఇళ్లలో గొంతు తగ్గుతుంది. వడ్డీకిచ్చినాయన గుమ్మం దగ్గరికొస్తే ఇంటి పెద్ద ఆయన్ని లోపలికి పిలవడు. చెప్పులేసుకుని, మాటల్లో పెట్టి, వీధి చివరిదాకా నడిపించుకుపోతాడు. పిల్లలకు వినబడకూడదు, పక్కింటివాళ్లకు అసలే వినబడకూడదు. అప్పు తీర్చడం ఒక పని. అప్పుందన్న సంగతి నలుగురి చెవిన పడకుండా కాచుకోవడం ఇంకో పని, మొదటిదానికంటే కష్టమైన పని. ఈ రెండోదాన్ని మనకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి నేర్చుకున్నాం.

ఆ నేర్పుతోనే మనవాళ్లు కొందరు ఇవాళ అమెరికాలో ఒక దరఖాస్తు ముందు కూర్చుంటున్నారు. దాని పేరు ఎస్ఎఫ్-86. దేశ రహస్యాలున్న కాగితాలు, కంప్యూటర్లు ముట్టుకునే ఉద్యోగం కావాలంటే ముందు దాటాల్సిన గడప అది. ఉత్తర వర్జీనియాలో ఆష్‌బర్న్, హెర్న్‌డన్, చాంటిలీ వైపు తెలుగు కుటుంబాల్లో క్లియరెన్స్ అన్న మాట ఇప్పుడు కొత్తది కాదు. ఎంఎస్ చదవడానికి వచ్చి, హెచ్-1బీ మీద పనిచేసి, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి కాచుకుని, చివరికి పౌరసత్వం తీసుకున్నవాళ్లున్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ల పిల్లలున్నారు. రక్షణ శాఖకు పనిచేసే కంపెనీ ఉద్యోగం ఇస్తానంటుంది, క్లియరెన్స్ వస్తేనే అని షరతు పెడుతుంది. హెచ్-1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకు ఈ దారి లేదు. పౌరులైనా సొంతంగా అర్జీ పెట్టుకోలేరు, కంపెనీయో ప్రభుత్వ శాఖో వాళ్ల పేరు పంపాలి.

ఈ అధ్యాయం వాళ్ల కోసం. అప్పు ఎంత పెద్దదైనా చెప్పుకోవడానికి, సర్దుకోవడానికి క్లియరెన్స్ నియమాల్లోనే చోటుంది. పరువు కోసం దాచిన అప్పు ఎంత చిన్నదైనా ఆ చోటు ఇరుకైపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతాదంతా దీని వివరం.

సర్కారుకెందుకు?

"నా జీతం, నా కార్డులు, నా కష్టం. మధ్యలో సర్కారుకేం పని?" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి.

జాన్ వాకర్ అమెరికా నౌకాదళంలో వారంట్ ఆఫీసరు. దక్షిణ కరొలినాలో పెట్టిన బార్ నష్టాల్లో కూరుకుపోయింది. 1967 ప్రాంతంలో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయం గడప తొక్కాడు. 1985లో పట్టుబడేదాకా నౌకాదళం సంకేత లిపి రహస్యాలు అమ్ముతూనే ఉన్నాడు. సొంత అన్నని, కన్నకొడుకుని కూడా అందులోకి లాగాడు. రొనాల్డ్ పెల్టన్ నిఘా సంస్థ ఎన్ఎస్ఏలో పనిచేసినవాడు. 1979లో దివాలా తీశాడు, అదే ఏడు ఉద్యోగం మానేశాడు, 1980 జనవరిలో అదే రాయబార కార్యాలయానికి వెళ్లాడు. ఆల్డ్రిచ్ ఏమ్స్ సీఐఏ అధికారి. 1985లో విడాకుల ఖర్చులు, పెరిగిన అప్పులు మీద పడ్డప్పుడు సోవియట్ వాళ్ల దగ్గర మొదటిసారి తీసుకున్నది 50 వేల డాలర్లు. తర్వాత 5 లక్షల 40 వేల డాలర్ల ఇల్లు రొక్కమిచ్చి కొన్నాడు, జాగ్వార్ కారులో ఆఫీసుకొచ్చాడు. జీతం చూస్తే 70 వేల డాలర్లు దాటదు. అడిగినవాళ్లకు అత్తవారి ఆస్తి అని చెప్పాడు, చాలాకాలం ఆ మాట చెల్లింది. 1994 ఫిబ్రవరిలో అరెస్టయ్యేనాటికి అతను పేర్లు అందించిన మనుషుల్లో పలువురికి మాస్కోలో మరణశిక్షలు అమలైపోయాయి.

ఈ ముగ్గురూ సిద్ధాంతం కోసం మొదలుపెట్టినవాళ్లు కారు. డబ్బు కోసం మొదలుపెట్టారు. ఏమ్స్ పట్టుబడ్డ మరుసటి ఏడాది, 1995 ఆగస్టులో, అధ్యక్షుడు క్లింటన్ 12968 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. రహస్యాలు చూసే మనిషి ఆర్థిక స్థితిని ప్రభుత్వం ఎందుకు, ఎలా చూడాలో అందులో ఉంది. ఇప్పుడు నడుస్తున్నవి 2017 జూన్ 8 నుంచి అమల్లోకొచ్చిన 13 మార్గదర్శకాలు. ఏ నుంచి ఎం దాకా ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లిషు అక్షరం. ఎఫ్ కింద డబ్బు వ్యవహారాలు, 'ఈ' కింద వ్యక్తిగత ప్రవర్తన వస్తాయి. మన అధ్యాయమంతా ఈ రెండు అక్షరాల మధ్యే తిరుగుతుంది.

అప్పున్నవాడల్లా దేశద్రోహి అని ఆ నియమాలు అనవు. వాటి లెక్క వేరు. అప్పులు తీర్చలేకపోవడం వెనక నిలకడ లేకపోవడమో, చెప్పిన మాట మీద నిలబడకపోవడమో, నియమాలంటే లెక్కలేకపోవడమో ఉండొచ్చు. అదే ఉంటే రహస్యాల విషయంలోనూ అలాగే ఉంటాడేమో అన్నది వాళ్ల సందేహం. సందేహం మిగిలితే అది దేశభద్రత వైపే మొగ్గాలని రాసుకున్నారు. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1988లో ఈగన్ కేసులో చెప్పింది. కోర్టులో నేరం రుజువు చేయాల్సింది ప్రభుత్వం. ఇక్కడ మాత్రం నన్ను నమ్మొచ్చు అని ఒప్పించాల్సిన భారం చివరికి మన మీదే పడుతుంది. ఈ తేడా తెలియక, "నేనేం తప్పు చేశానో వాళ్లనే చూపించమనండి" అని భీష్మించుకుని కూర్చునేవాళ్లు ఓడిపోతారు.

ఫారం ఏమడుగుతుంది

నెలనెలా సక్రమంగా కట్టుకుపోయే ఇంటి లోను లక్షల డాలర్లున్నా దోషం కాదు. కారు లోను, చదువు లోను కూడా అంతే. ఫారంలో 26వ విభాగం అడిగేవి వేరు. గత ఏడేళ్లలో దివాలా పిటిషన్ వేశారా? ఏ ఏడాదైనా పన్ను రిటర్ను వేయకుండా గానీ, పన్ను కట్టకుండా గానీ వదిలేశారా? ఏ అప్పయినా 120 రోజులు దాటి బకాయి పడిందా? కలెక్షన్ ఏజెన్సీకి వెళ్లిందా? బ్యాంకు ఛార్జ్ ఆఫ్ చేసిందా? జీతంలోంచి కోర్టు కోత పెట్టిందా? జూదం వల్ల ఇబ్బందులు పడ్డారా? ఆఫీసు కార్డును సొంతానికి వాడి హెచ్చరిక తిన్నారా? ఒక్కోదానికి అవును అని రాస్తే వివరాలు అడుగుతుంది. వివరాలు రాసి ముగించామనుకునేలోపు ఇంకో ప్రశ్న వస్తుంది: ఇంకా ఏమైనా ఉన్నాయా? ఒకటి చెప్పాక మళ్లీ అదే ప్రశ్న. ఆ ఫారం నింపినవాళ్లను అడగండి, అన్నిటికంటే బరువైన ప్రశ్న అదేనంటారు.

ఇక్కడ మనవాళ్లు తరచూ జారే మెట్లు కొన్నున్నాయి.

మొదటిది షూరిటీ సంతకం. బావమరిది కారు కొంటానంటే, అతనికి క్రెడిట్ హిస్టరీ లేదని, మనం పక్కన సంతకం పెడతాం. కాదంటే బంధుత్వం చెడుతుంది. ఏడాది తిరిగాక అతని ఉద్యోగం పోతుంది, వాయిదాలు ఆగిపోతాయి, మనకు చెప్పడానికి మొహం చెల్లక చెప్పడు. ఫారం స్పష్టంగా అడుగుతుంది: మీరు ఒక్కరే తీసుకున్నవే కాదు, హామీగా సంతకం పెట్టిన అప్పులు కూడా రాయండి అని. "అది వాడి అప్పు" అన్న మాట అక్కడ చెల్లదు. నా సలహా కరుకుగా ఉంటుంది, అయినా చెబుతాను. క్లియరెన్స్ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ షూరిటీ సంతకం పెట్టకండి. పెట్టి ఉంటే ఆ ఖాతా ఆన్‌లైన్ లాగిన్ మీ దగ్గరా ఉంచుకోండి, ప్రతి నెలా ఒకసారి చూడండి. బంధుత్వానికి మర్యాద లోపం కాదది.

రెండోది ఊళ్లో మిగిలిపోయిన ఎడ్యుకేషన్ లోను. ఎంఎస్‌కి వచ్చేటప్పుడు నాన్న ఇల్లు తాకట్టుపెట్టి తీసుకున్నది. వచ్చిన కొత్తలో కట్టాం, లేఆఫ్ అయినప్పుడు ఆపాం, తర్వాత బ్యాంకువాళ్లు నాన్నకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. అమెరికా క్రెడిట్ రిపోర్టులో అది కనబడదు కదా అని రాయకుండా వదిలేస్తారు. ప్రశ్న అమెరికా అప్పుల గురించి మాత్రమే కాదు. పైగా ఇండియాలో ఉన్న నాన్న మీద ఒత్తిడి ఉన్న అప్పు అంటే దర్యాప్తు చేసేవాళ్లు ఇంకొంచెం శ్రద్ధగా చూస్తారు. విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు, వాళ్లతో ఉన్న బంధం గురించి వేరే మార్గదర్శకం ఉంది, బీ అక్షరం కింద. దాని సంగతి ఇంకో అధ్యాయంలో.

మూడోది చేబదుళ్లు, చీటీలు. ప్రామిసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో తెచ్చిన డబ్బు, ఇక్కడ నలుగురు స్నేహితులు కలిసి వాట్సాప్ గ్రూపులో నడిపే చీటీ పాట. వీటికి బ్యాంకు కాగితం ఉండదు. వీటిలో తప్పేమీ లేకపోయినా, ఒక నెలలో మీ ఖాతాలోకి 15 వేల డాలర్లు ఎక్కడినుంచో వచ్చి పడితే, అదెక్కడిదో చూపించే ఆధారం మీ దగ్గర ఉండాలి. ఎఫ్ మార్గదర్శకానికి అప్పులెంత అనుమానమో, లెక్క చెప్పలేని సంపదా అంతే అనుమానం. ఏమ్స్ జాగ్వార్ ఇంకా వాళ్లకు గుర్తుంది. టాప్ సీక్రెట్ స్థాయిలో ఉన్నవాళ్లు 10 వేల డాలర్లు, ఆపైన అసాధారణంగా చేతికొస్తే తామే తెలియజేయాలన్న నిబంధన 2017 జూన్ నుంచి ఉంది. నాన్న పొలం అమ్మి మీ వాటా పంపాడనుకోండి. సంతోషమే. రిజిస్ట్రేషన్ కాగితాలు, బ్యాంకు ద్వారా పంపిన రసీదులు కూడా అడిగి తెప్పించుకోండి. ఒక ఏడాదిలో అలా వచ్చిన కానుకలు లక్ష డాలర్లు దాటితే అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు 3520 అనే ఫారంలో చెప్పాలి. పన్ను పడకపోవచ్చు, చెప్పడం మాత్రం తప్పదు.

పన్నుల గురించి ఇంకాస్త. ఇండియాలో ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి పన్ను లేదు. అందుకని అమెరికాలో కూడా చూపించనక్కర్లేదని నమ్మినవాళ్లు లెక్కలేనంతమంది. అమెరికా పౌరుడి ఆదాయం ఏ దేశంలో పుట్టినా అమెరికా రిటర్నులో ఉండాలి. మియాపూర్ ఫ్లాటు అద్దె కూడా. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక విడిగా వేయాలి. అమ్మానాన్నల ఖాతాలో మీ పేరు కలిపి ఉంటే అదీ లెక్కే. క్లియరెన్స్ నిర్ణయాలు రాసే న్యాయమూర్తులు క్రెడిట్ కార్డు బకాయి కంటే పన్ను ఎగవేతను గట్టిగా పట్టుకుంటారు, ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఎవరూ గుర్తుచేయకపోయినా చట్టం చెప్పిన పని గడువులోగా చేసే మనిషేనా అన్నది వాళ్లకు కావలసిన సంగతి, పన్ను రిటర్ను దానికి ఏటా జరిగే పరీక్ష. కట్టడానికి డబ్బు లేకపోయినా రిటర్ను వేయండి. ఐఆర్ఎస్‌తో వాయిదాల ఒప్పందం చేసుకోవచ్చు. ఆ ఒప్పందం ప్రకారం నెలనెలా కడుతున్నట్టు కాగితం ఉంటే నియమాల్లో అది మీకు అనుకూలంగా రాసిపెట్టిన అంశం. విదేశీ ఖాతాలు తెలియక చూపించనివాళ్లు తమంతట తాము సరిదిద్దుకునే పద్ధతి కూడా ఐఆర్ఎస్ దగ్గర ఉంది. ఎస్ఎఫ్-86 చేతికొచ్చేదాకా ఆగకుండా, ఈ ఏడాదే ఆ పని చేయండి.

అప్పు నుంచి అబద్ధంలోకి

ఎఫ్ కింద పడ్డ మనిషి పైకి రావడానికి నిచ్చెనలు చాలా ఉన్నాయి. ఉద్యోగం పోవడం, జబ్బు, చావు, విడాకులు, గుర్తింపు దొంగతనం, మోసపు అప్పులవాళ్ల బారిన పడడం లాంటివి మన చేతిలో లేని కారణాలని నియమాలే ఒప్పుకుంటాయి. అయితే దానికొక రెండో సగం ఉంది: ఆ కష్టంలో మీరు బాధ్యతగా నడుచుకున్నారా? నాన్నకు గుండె ఆపరేషనైతే గుంటూరుకు కార్డు మీద తీసి 20 వేల డాలర్లు పంపారు. అర్థం చేసుకోగలిగిన పనే. తర్వాత ఏం చేశారు? బ్యాంకువాళ్ల ఫోన్లు ఎత్తారా, బ్లాక్ చేశారా? వాయిదా పెట్టుకున్నారా? హాస్పిటల్ బిల్లు, పంపిన రసీదు, బ్యాంకుతో నడిచిన ఉత్తరాలు ఉన్నాయా? నిర్ణయం ఈ జవాబుల దగ్గర తేలుతుంది.

వ్యక్తిగత ప్రవర్తన చూసే 'ఈ' అక్షరం కింద పడితే నిచ్చెనలు తక్కువ. కావాలని దాచడం, అబద్ధం రాయడం, దర్యాప్తుకు సహకరించకపోవడం దీని కిందికొస్తాయి. ఫారంలో తెలిసి అబద్ధం రాయడం ఫెడరల్ నేరం కూడా, ఐదేళ్లదాకా జైలుశిక్ష పడవచ్చు. ఎఫ్‌లో పదివేల డాలర్ల కార్డు బకాయికి వాయిదాల కాగితం చూపించి బయటపడగలిగే మనిషి, దాన్ని రాయకుండా వదిలి 'ఈ' కింద ఇరుక్కుంటాడు. అప్పు తీరినా అబద్ధం తీరదు.

ఇంటర్వ్యూ ఎలా నడుస్తుందో తెలుసుకోండి. దర్యాప్తు అధికారి దగ్గర మీ క్రెడిట్ రిపోర్టు ముందే ఉంటుంది. అయినా మొదట దాన్ని బయటపెట్టకుండా మామూలుగా అడుగుతారు: బకాయిలేమైనా ఉన్నాయా అని. ఫారంలో మరిచిపోయినదాన్ని ఆ క్షణంలో, ఆ కాగితం మీ ముందుకు రాకముందు, మీ అంతట మీరు చెబితే అది సరిదిద్దుకోవడం కిందికొస్తుంది. కాగితం చూపించాక చెబితే ఒప్పుకోవడం మాత్రమే అవుతుంది. ఈ రెండిటికీ నియమాల్లో చాలా దూరం ఉంది. ఎవరూ నిలదీయకముందే, వెంటనే, చిత్తశుద్ధితో సరిచేయడం అన్నది ఈ మార్గదర్శకం మనకిచ్చిన మంచి అవకాశాల్లో మొదటిది.

ఇక అప్పు కాని ప్రవర్తన. తాగి కారు నడిపి పట్టుబడడం దగ్గర్నుంచి చాలా ఉన్నాయి, వాటికి వేరే అక్షరాలున్నాయి. ఒక్కమాట మాత్రం పిల్లలకు చెప్పండి: వర్జీనియాలో, మేరీలాండ్‌లో పెద్దలకు గంజాయి చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం సరదాకి పీల్చడాన్ని ఒప్పుకోదు, క్లియరెన్స్ ఫెడరల్ ప్రభుత్వానిది.

నేను ఎక్కువసేపు ఆగాలనుకునేది మన ఐటీవాళ్లకే పరిచయమైన ఇంకో సంగతి దగ్గర. కొత్తగా చదువు పూర్తి చేసిన కుర్రాడి రెజ్యూమెలో కన్సల్టెన్సీ ఐదేళ్ల అనుభవం కలుపుతుంది. ఫోను ఇంటర్వ్యూకి ఇంకొకడు కూర్చుంటాడు. "అందరూ చేసేదే, ఒక ప్రాజెక్టు దొరికితే నిలదొక్కుకుంటావు" అంటారు. కుర్రాడు నిలదొక్కుకుంటాడు కూడా, పని నేర్చుకుంటాడు, మంచి ఇంజినీరవుతాడు. పన్నెండేళ్ల తర్వాత పౌరసత్వం వస్తుంది, క్లియరెన్స్ ఉద్యోగం వస్తుంది. ఎస్ఎఫ్-86 పదేళ్ల ఉద్యోగ చరిత్ర, పదేళ్ల నివాసాలు అడుగుతుంది, పైస్థాయి క్లియరెన్స్‌కు మనుషులు వెళ్లి పాత ఆఫీసుల్లో, ఇరుగుపొరుగుల్లో విచారిస్తారు. ఆ పాత రెజ్యూమె ఎక్కడో ఒక కంపెనీ ఫైల్లో ఉంది. దాన్ని తయారుచేసినవాడికీ, బదులు ఇంటర్వ్యూ ఇచ్చినవాడికీ ఆ రహస్యం తెలుసు. ఆ కుర్రాడు ఏమని జవాబు చెప్పాలో కన్సల్టెన్సీ చెప్పి ఉంటుంది, అతను ఇన్నేళ్లూ దాన్నే చెబుతూ వచ్చి ఉంటాడు.

అలాంటి వాళ్లలో చాలామంది మంచివాళ్లని నాకు తెలుసు. ఇంటి దగ్గర లోను వడ్డీ పెరుగుతుంటే, వీసా గడువు దగ్గరపడుతుంటే, ఇరవైమూడేళ్ల వయసులో భయంతో చేసిన పని. నియమాలు కూడా వయసును, కాలాన్ని, మళ్లీ చేశారా లేదా అన్నదాన్ని చూడమంటాయి. ఒక్క సంఘటనను కాకుండా మొత్తం మనిషిని చూడాలన్నది వాటి పద్ధతి. కానీ ఆ చూపు దక్కాలంటే మొత్తం మనిషి వాళ్ల ముందు కనబడాలి కదా. ఇప్పటి రెజ్యూమెలో ఆ ఐదేళ్లు ఇంకా ఉంటే ఈ వారమే తీసేయండి. ఫారంలో జరిగింది జరిగినట్టు రాయండి. వీసా కాగితాల్లో కూడా అదే అబద్ధం ఉంటే వ్యవహారం పౌరసత్వం దాకా పాకవచ్చు, కాబట్టి ఫారం ముట్టుకునేముందు ఇమిగ్రేషన్, క్లియరెన్స్ రెండూ తెలిసిన లాయరుతో మాట్లాడండి. ఆ ఫీజు ఖర్చు చూసి వెనకాడకండి. అన్నీ విన్నాక ఈ ఉద్యోగం వద్దనుకుంటే అదీ గౌరవమైన నిర్ణయమే.

చేయాల్సిన పని

ఫారం రావడానికి కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల రిపోర్టులూ యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో వారానికోసారి ఉచితంగా దొరుకుతాయి. మూడూ దించుకుని అచ్చు వేయండి. ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు. ఒక నోటు పుస్తకం తీసుకుని ప్రతి అప్పుకు ఒక పేజీ ఇవ్వండి: ఎవరికి, ఎంత, ఎప్పటినుంచి ఆగింది, ఎందుకు ఆగింది, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, ఇప్పుడేం చేస్తున్నారు. రిపోర్టులో కనబడని ఊరి అప్పులకూ పేజీలు ఇవ్వండి. మీది కాని అప్పు కనబడితే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టి, ఆ ఉత్తరం దాచుకోండి.

ఏడేళ్లు ఆగితే రిపోర్టులోంచి రాలిపోతుందని కొందరు కాచుకు కూర్చుంటారు. రాలిపోవడం వేరు, తీరడం వేరు. బ్యాంకు ఛార్జ్ ఆఫ్ చేసిందంటే తన పుస్తకాల్లో నష్టం రాసుకుందని అర్థం, మిమ్మల్ని వదిలేసిందని కాదు. కాలదోషం పట్టిందని కోర్టులో గెలవొచ్చేమో, క్లియరెన్స్ దగ్గర అది చిత్తశుద్ధి అనిపించుకోదు. దివాలా పిటిషన్ చట్టం ఇచ్చిన దారి, వేసినంత మాత్రాన క్లియరెన్స్ పోదు. దానికి దారితీసిన కారణం, ఆ తర్వాతి నడవడి చూస్తారు. రేడియోలో అప్పు సగం మాఫీ చేయిస్తామని అరిచే కంపెనీల జోలికి పోకండి. అవి ముందు వాయిదాలు ఆపేయమంటాయి, బకాయి ఇంకా ముదురుతుంది. లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలర్లుంటారు, వాళ్లతో కూర్చుని నెల బడ్జెట్ వేయించుకోండి. ఆ కౌన్సెలింగ్ తీసుకున్నట్టు కాగితం నియమాల్లోనే అనుకూల అంశంగా పేర్కొన్నది.

అన్నీ ఒకేసారి తీర్చాలని లేదు. పన్నులు ముందు, తర్వాత చిన్నవి ఒకటొకటిగా, పెద్దవాటికి వాయిదాలు. నెలకు 50 డాలర్లయినా ఏడాదిపాటు ఒక్క నెల తప్పకుండా కట్టిన రసీదులు, హియరింగుకు ముందు వారం హడావుడిగా పడేసిన 5 వేల డాలర్లకంటే ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి. మొదటిదాంట్లో అలవాటు కనబడుతుంది, రెండోదాంట్లో భయం.

క్లియరెన్స్ ఒకసారి వచ్చేసింది కదా అని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. ఒకప్పుడు టాప్ సీక్రెట్‌కు ఐదేళ్లకు, సీక్రెట్‌కు పదేళ్లకు మళ్లీ విచారించేవారు. ఇప్పుడు నిరంతర పరిశీలన. డీసీఎస్ఏ అనే సంస్థకు క్రెడిట్, పోలీసు రికార్డుల హెచ్చరికలు ఎప్పటికప్పుడు వస్తుంటాయి. ఏ అప్పయినా 120 రోజులు దాటేలా ఉంటే కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరుకు మీరే వెళ్లి చెప్పండి. హెచ్చరిక మీకంటే ముందు ఆ బల్ల మీదికి చేరకూడదు.

అంతా చేసినా ఒక రోజు ఆరోపణల ఉత్తరం రావచ్చు. స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అంటారు. కంపెనీల ఉద్యోగులకైతే 20 రోజుల్లో, ప్రమాణపూర్వకంగా, ఒక్కో అంశానికీ ఒప్పుకుంటున్నాను అనో కాదంటున్నాను అనో జవాబివ్వాలి. గడువు పెంచమని అడగొచ్చు, ఊరుకుంటే మాత్రం కేసు పోయినట్టే. న్యాయమూర్తి ముందు హియరింగ్ కోరవచ్చు, కాగితాల మీదే తేల్చమనవచ్చు. చెప్పుకోవడానికి కథ ఉన్నవాళ్లు హియరింగ్ కోరడమే మంచిదని నా అభిప్రాయం. మనిషి మొహం కాగితంలో కనబడదు. ఈ కేసులు వినే డోహా అనే విభాగం తన నిర్ణయాలను పేర్లు తీసేసి ఇంటర్నెట్‌లో పెడుతుంది. ఒక ఆదివారం కూర్చుని ఓ పది చదవండి. ఎవరు ఎందుకు నెగ్గారో, ఎవరు ఎక్కడ తప్పిపోయారో మీకే తెలిసివస్తుంది.

నోటు పుస్తకం పూర్తయ్యాక దాన్ని ముందుగా చూపించాల్సిన మనిషి దర్యాప్తు అధికారి కాదు. ఇంట్లో మనిషి. ఒకరి రహస్యాన్ని అడ్డుపెట్టి లొంగదీయడానికి వీలుందా అన్నది ఆ నియమాలన్నిటికీ వెనకనున్న ప్రశ్న. భార్యకో భర్తకో తెలియని అప్పు అలా పనికొచ్చే రహస్యం. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న నేరుగా రావచ్చు: దీని సంగతి మీ ఇంట్లో తెలుసా?

నేను కూడా ఒక చేబదులు మూడేళ్లు దాచాను. స్నేహితుడి వ్యాపారానికి నా కార్డు మీద తీసి ఇచ్చింది, తిరిగి రాలేదు. స్టేట్‌మెంట్లు ఆఫీసు చిరునామాకు తెప్పించుకునేవాణ్ని. జీతంలోంచి ప్రతి నెలా కొంత పక్కకు తీస్తూ, ఇంట్లో ఖర్చులు పెరిగాయని విసుక్కునేవాణ్ని. ఒక శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల మీద నా భార్య ముందు ఆ స్టేట్‌మెంట్లన్నీ పెట్టాను. అరుస్తుందనుకున్నాను. ఆమె ఒక్కొక్కటీ తేదీల వారీగా పేర్చుకుంటూ చాలాసేపు చదివింది. చదివి, తలెత్తకుండానే అడిగింది.

"ఇంకా ఏమైనా ఉన్నాయా?"

ఒకటుందని చెప్పాను.